లిథియం మాత్ర ఇచ్చే ముందు నర్సు తీసుకోవలసిన జాగ్రత్తలు

బైపోలార్ రుగ్మతతో (మనస్థితి ఉన్మాదం, కుంగుబాటుల మధ్య మారే జబ్బు) పాటు అబ్సెసివ్ కంపల్సివ్ లక్షణాలు (వదలని ఆలోచనలు, పదేపదే చేసే పనులు) కూడా ఉన్న రోగికి, మనస్థితిని నిలకడగా ఉంచే లిథియం ఇచ్చే ముందు, రక్తంలో లిథియం స్థాయిని చూపే చివరి పరీక్ష ఫలితాన్ని కేస్ షీటులో చూడాలి. ఆ నమూనా అంతకు ముందు మోతాదు వేసుకున్న దాదాపు 12 గంటలకు తీసినదై ఉండాలి. కాకపోతే ఆ అంకెను నమ్మలేము. సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండవలసిన స్థాయి 1.5 దాటితే విషప్రభావం కనిపించే ప్రమాదం పెరుగుతుంది.

అంకె బాగున్నంత మాత్రాన రోగిని పరిశీలించకుండా మాత్ర ఇవ్వకూడదు. చేతులు బాగా వణుకుతున్నా, మాట తడబడుతున్నా, నడక తూలుతున్నా, వాంతులు, విరేచనాలు అవుతున్నా మోతాదు ఆపి వెంటనే వైద్యునికి తెలియజేయాలి. ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే థయజైడ్ మందులు వాడితే లిథియం శరీరంలో పేరుకుపోతుంది కనుక, వాటి గురించి పేరుపేరునా అడగాలి.

రోగి పదేపదే చేతులు కడుక్కుంటున్నప్పుడు తొందరపెడితే ఆందోళన పెరుగుతుంది కాబట్టి, ఆ కొద్ది నిమిషాలను మందుల వేళలోనే కలుపుకోవాలి (పని ఒత్తిడిలో ముందు పోయేది ఈ ఓపికే). అబ్సెసివ్ లక్షణాలకు ఎస్ఎస్ఆర్ఐ మందు (కుంగుబాటుకు కూడా వాడే ఒక రకం మందు) కొత్తగా మొదలుపెట్టి ఉంటే అది ఉన్మాద దశను (మితిమీరిన ఉత్సాహం, ఉద్రేకం ఉండే దశ) రేపవచ్చు. దాని గుర్తులైన నిద్ర తగ్గడం, మాటలు ఆగకపోవడం గమనించి నమోదు చేయాలి.

దాచిపెట్టిన మాత్రలు ఆత్మహత్యా యత్నానికి ఉపయోగపడవచ్చు కనుక, మింగిన తరువాత నోరు తెరిపించి నాలుక కింద, బుగ్గల లోపల చూడాలి.