నాయనమ్మ బొమ్మలో నాయనమ్మ కనిపించకపోతే: సాఫ్ట్ పాస్టెల్ ముఖచిత్రం సరిదిద్దే పద్ధతి

ఇక్కడ చెప్పేది సాఫ్ట్ పాస్టెల్ గురించే, అంటే తాకితే వేలికి పొడి అంటుకునే రకం. స్కూలు పిల్లలు వాడే ఆయిల్ పాస్టెల్‌లో నూనె, మైనం ఉంటాయి కాబట్టి దానికి ఈ చిట్కాలు పనికిరావు. మన ఊళ్ల స్టేషనరీ దుకాణాల్లో ఉత్త "పాస్టెల్స్" అని అడిగితే చాలాసార్లు ఆయిల్‌వే ఇస్తారు, డబ్బా చదివి తీసుకోండి. ఇంకో మాట. కింది చిక్కుల్లో చాలావరకు రంగువి కావు, వెలుగునీడలవి. అందుకని రంగు ముట్టుకోకముందే బొమ్మనూ ఫొటోనూ ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఎక్కడుందో సగం అక్కడే తెలిసిపోతుంది.

కళ్లు, ముక్కు, నోరు అన్నీ ఉన్నాయి, మనిషే ఎవరో

మొదట ఫొటోను అనుమానించండి. ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. రెండు మీటర్ల దూరం జరిగి, జూమ్ చేసి మళ్లీ తీయండి. ఫ్లాష్ వద్దు. దర్వాజ పక్కన కూర్చోబెడితే వెలుతురు ఒక పక్క నుంచే పడి, చెంప ఎముక, కంటిగుంట తేటగా కనిపిస్తాయి.

మనిషి లేరు, పింఛను కోసం దిగిన పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఒక్కటే మిగిలింది అనుకోండి. అందులో నీడలను ఫ్లాష్ తినేసి ఉంటుంది. కొలతలు మాత్రం దాని నుంచి తీసుకోండి. నీడల కోసం అదే ముఖకవళికలున్న మేనత్తనో చిన్నాయననో దర్వాజ పక్కన కూర్చోబెట్టి చూడండి.

ఫొటో బాగున్నా పోలిక రాలేదంటే కొలతలే తప్పి ఉంటాయి. కళ్లు నడినెత్తికీ గడ్డానికీ సుమారు మధ్యలో ఉంటాయి. తల మీద కొంగు కప్పుకున్న బొమ్మలో నెత్తి కనపడదు కాబట్టి కళ్లు పైకి పోతాయి. పళ్లు ఊడిన పెద్దవాళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది: ముక్కు కింది నుంచి గడ్డం దాకా దూరం తగ్గిపోతుంది. పుస్తకాల్లో నేర్పే కొలత అక్కడ పెడితే పక్కింటావిడ తయారవుతుంది. బొమ్మనూ ఫొటోనూ తలకిందులు చేసి పోల్చుకోండి. తప్పున్న చోట వేలితో రుద్దకుండా గట్టి కుచ్చు బ్రష్‌తో పొడి దులిపి, సాగే నీడెడ్ ఎరేజర్‌ను అద్ది పైకి తీసి, అక్కడే మళ్లీ గీయండి.

ముఖం బురద పూసినట్టుంది

అందరికీ ఎదురయ్యే చిక్కు ఇదే. దీనికి కారణాలు రెండు. చామనఛాయ రావాలని గోధుమరంగులో నలుపు కలపడం ఒకటి, ప్రతి పొరనూ వేలితో రుద్దడం రెండోది.

బురదైన చోట పొడి దులిపేయండి. మాస్క్ పెట్టుకోండి, ఊదకండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇప్పుడు నలుపు డబ్బాలోనే ఉంచి, నీడల్లో ముదురు వంకాయరంగు, ముదురు ఆకుపచ్చ, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు) వేయండి. మధ్య ఛాయకు బర్న్ట్ సియన్నా (ఎర్ర గోధుమరంగు), వెలుతురు పడ్డ చోట ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), కొద్దిగా నారింజ. నల్లని నుదుటి మీద మెరుపు తెల్లగా ఉండదు. ఆరుబయట ఆకాశపు నీలం అందులోకి దిగుతుంది, లేత నీలిబూడిదతో ఒక్క గీత చాలు. రుద్దడం మొదటి పొరతోనే ఆపేయండి. పై పొరల్లో గీతల్ని గీతలుగానే వదిలేస్తే చర్మానికి జీవం వస్తుంది.

చుట్టాలొచ్చి "జర తెల్లగ చెయ్యరాదు" అంటారు. వినకండి. ఛాయ తేల్చేకొద్దీ మెరుపుకీ నీడకీ మధ్య దూరం తగ్గి, ముఖం చపటగా అయిపోతుంది.

కొత్త రంగు పట్టకుండా జారిపోతోంది

కాగితం గరుకు పొడితో నిండిపోయింది. మళ్లీ దులిపి, పొడిని పట్టి ఉంచి పైన మళ్లీ రంగు వేయనిచ్చే స్ప్రే, అంటే వర్కబుల్ ఫిక్సేటివ్‌ను ఒక అడుగు దూరం నుంచి పల్చగా కొట్టి ఆరనివ్వండి. కొంత గరుకు తిరిగి వస్తుంది. ఫ్రెంచ్ చిత్రకారుడు డెగా కూడా పొరకూ పొరకూ మధ్య ఫిక్సేటివ్ వాడేవాడు. నున్నటి చార్ట్ కాగితం మీద వేసి ఉంటే మాత్రం బాగుచేయడానికి ఏమీ లేదు, కాగితం మార్చాల్సిందే. 160 జీఎస్‌ఎం కాన్సన్ మి-టాంట్ అనే పాస్టెల్ కాగితం కొంటే, తేనెపట్టు గళ్లున్న వైపు కాకుండా వెనక వైపు వాడండి. లేకపోతే ఆ గళ్లు చెంపల మీద తేలతాయి.

ఫిక్సేటివ్ కొట్టగానే మెరుపులు చచ్చిపోయాయి

పొడి రేణువులు వెలుతురును చెల్లాచెదురు చేయడం వల్లే పాస్టెల్‌కు ఆ కాంతి. ద్రవం తగిలితే రేణువులు అతుక్కుని రంగు ముదురుతుంది. కంటిపాప చుక్క, ముక్కుపుడక మెరుపు, తెల్లవెంట్రుకలు ఫిక్సేటివ్ తర్వాతే వేసి అలాగే వదిలేయండి. హెయిర్ స్ప్రే వద్దు, పోనుపోను పసుపెక్కుతుంది.

కళ్లు, పళ్లు ముఖంలోంచి బయటికి పొడుచుకొస్తున్నాయి

కంటి తెల్లగుడ్డు తెల్లగా ఉండదు. బూడిదరంగు వేసి, పైరెప్ప నీడను దాని మీద పడనివ్వండి. పళ్లకు ఒక్కొక్క దానికీ గీత గీయకండి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన నల్గొండ పల్లెల పెద్దవాళ్ల పళ్లకు గోధుమ గార ఉంటుంది. దాన్ని ఉంచాలా వద్దా అన్నది ఇంటివాళ్లనే అడగండి. నా మట్టుకు ఓకర్ కలిపిన బూడిదరంగు వేసి, గారను ఒక నీడగా ఉంచుతాను.

గడ్డం మీది పచ్చబొట్టు పైన అతికించినట్టుంది

నల్లగా, చివర్న వేశారన్నమాట. పాత పచ్చబొట్టు చర్మం లోపల ఉంటుంది, నీలిఆకుపచ్చకు తిరుగుతుంది. ముందు అది వేసి, చర్మం చివరి పొరను దాని మీదుగా తేలికగా లాగండి.

చూపు ముఖం వదిలి చీర మీదికే పోతోంది

గద్వాల అంచు జరీని పోగు పోగూ గీస్తే ఇదే జరుగుతుంది. భుజం దగ్గర రెండు మెరుపులు పెట్టి మిగతాది మసకలో వదలండి. పోచంపల్లి ఇక్కత్ అయితే పని ఇంకా తేలిక. నేయకముందే నూలుకు రంగులద్దుతారు కాబట్టి దాని డిజైన్ అంచులు సహజంగానే చెదిరి ఉంటాయి, వేలితో ఒకసారి తుడిస్తే సరి.

ఫ్రేమ్ కట్టాక అద్దానికి పొడి, వానాకాలంలో బూజు

అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మందపాటి మౌంట్ బోర్డు (బొమ్మ కనపడేలా నడుమ కోసిన అట్ట) పెట్టించండి. గాజే వేయించండి, అక్రిలిక్ షీటు స్థిరవిద్యుత్తుతో పొడిని లాక్కుంటుంది. చెమ్మ పట్టే గోడకు తగిలించొద్దు. బూజు ఇప్పటికే కనిపిస్తే ఫ్రేమ్ విప్పి, గాలాడే నీడలో పూర్తిగా ఆరనిచ్చి, ఆరుబయట మెత్తని పొడి బ్రష్ కొనతో బూజును పైకి ఎత్తండి. తడిగుడ్డ తగలకూడదు.