స్టీల్ బోటుకి జింకు నిలవట్లేదా? ముందు బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి చూడండి

"కొత్త జింకులు వేసి నాలుగు నెలలు కూడా కాలేదండీ, బోల్టులు తప్ప ఏమీ మిగల్లేదు." పాత టగ్గో, స్టీల్ ట్రాలరో కొని, బాగు చేసుకుని, అందులోనే కాపురం పెట్టి ఎప్పటికైనా అండమాన్ దాకా పోవాలనుకునేవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోను ఇదే. "మరి ఏం చేశారు?" అంటే, "ఇంకో ఆరు జింకులు వెల్డ్ చేయించాం" అంటారు. చిల్లు కుండలో ఇంకాస్త నీళ్లు పోయడమే అది. జింకు తొందరగా అరుగుతోందంటే ఎక్కడో కరెంటు కారుతోందని అర్థం. అది ఎక్కడో పట్టుకోకుండా పెయింటు మీద, జింకు మీద ఎంత పోసినా దండగ.

జింకు ఎందుకు వేస్తారో (బోటు ఇనుముకి బదులు అది అరిగిపోవాలని), ఇసుక కొట్టించి ఎపాక్సీ ఎలా వేయాలో మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

ముందు గుంటలు చూడండి

బోటుని నీళ్లలోంచి పైకి లాగే వాలు గట్టు, అంటే స్లిప్‌వే మీదికి ఎక్కగానే నత్తగుల్లలు గోకించి ప్రెషర్ వాష్ చేయించేస్తారు. ఆగండి, దానికంటే ముందు ఒకసారి టార్చి పట్టుకుని చుట్టూ తిరగండి. మామూలు తుప్పు గోధుమరంగులో, పెచ్చులు పెచ్చులుగా, పెద్ద మేర పరుచుకుని ఉంటుంది. కరెంటు తిన్న చోటు అలా ఉండదు. పెయింటు గీసుకుపోయిన చోట చిన్న గుంట, అంచులు తెగ్గోసినట్టు, లోపల ఇనుము మెరుస్తూ శుభ్రంగా ఉంటుంది. ఆ గుంటలు వెనక భాగంలో, ప్రొపెల్లర్ చుట్టుపక్కలే గుంపుగా ఉన్నాయా? ప్రొపెల్లర్ రెక్కల మీద సున్నం కొట్టినట్టు తెల్లటి పొర ఉందా? రెండూ కలిసి కనిపిస్తే జింకు వ్యాపారితో బేరాలు ఆపేసి ఎలక్ట్రీషియన్ పనిలోకి దిగండి.

జింకు అసలు అరగకపోయినా అనుమానించాల్సిందే. దాని మీద పెయింటరు బ్రష్ ఆడించి ఉంటాడు, లేదా బోల్టు కింద తుప్పు చేరి హల్‌కి (బోటు ఇనుప ఒంటికి) అంటుకోవడం మానేసి ఉంటుంది. గోకి, ఇనుము మెరిసేదాకా శుభ్రం చేసి మళ్లీ బిగిస్తే సరిపోతుంది.

మీటరు, ఒక జింకు ముక్క

సరైన పద్ధతి సిల్వర్ క్లోరైడ్ రెఫరెన్స్ ఎలక్ట్రోడ్‌తో కొలవడం. మీటరు ఎర్ర తీగ హల్ ఇనుముకి, నల్ల తీగ నీళ్లలో వేలాడే ఎలక్ట్రోడ్‌కి. ఏ కాపలా లేని స్టీల్ సముద్రపు నీటిలో మైనస్ 600, 650 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. జింకు పని చేస్తుంటే మైనస్ 800 నుంచి 1,050 మధ్య. మైనస్ 1,100 కూడా దాటిందంటే కాపలా ఎక్కువైపోయి పెయింటు బుడగలు లేస్తుంది.

ఎలక్ట్రోడ్ లేదని ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరికే మామూలు డిజిటల్ మీటరు, గరుకు కాగితంతో రుద్దిన కొత్త జింకు ముక్క చాలు. ఆ ముక్కని వైరుకి కట్టి, హల్‌కి తగలకుండా, హల్ మీద ఉన్న జింకులకి దూరంగా నీళ్లలో వేలాడదీయండి. కొంతసేపు కుదురుకోనివ్వండి. హల్‌కీ ముక్కకీ మధ్య 0.25 వోల్టులు, అంతకంటే తక్కువ ఉంటే హల్‌కి కాపలా ఉన్నట్టే. 0.4 దగ్గర ఉంటే లేదు. 0.4 కూడా దాటి పైకి పోతోందంటే హల్‌లోకి బయటి నుంచి కరెంటు తోస్తోందన్నమాట.

ఇప్పుడు అసలు పరీక్ష. మీటరు కదపకుండా ఒక్కొక్కటీ తీస్తూ రండి. ఒడ్డు నుంచి వచ్చే ప్లగ్గు పీకండి, అంకె చూడండి. మెయిన్ స్విచ్ ఆపండి, చూడండి. తర్వాత సోలార్ ప్యానెల్ వైర్లు తీయండి. ప్యానెల్ ఉండగా బ్యాటరీ తీస్తే కంట్రోలర్ కాలిపోవచ్చు, అందుకే ముందు అది. చివరికి బ్యాటరీ టెర్మినల్స్ ఊడదీయండి, నెగెటివ్ ముందు, పాజిటివ్ తర్వాత. ఏ మెట్టు దగ్గర అంకె కదిలిందో దొంగ అక్కడే ఉన్నాడు. ఇంతే పని. టీ తాగినంతసేపు పట్టదు. దీన్ని వదిలేసి లక్షలు పోసి ప్లేట్లు మార్చినవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

ప్లగ్గు పీకితే అంకె కదిలిందా

తప్పు ఎర్త్ వైరు దారిలో ఉంది. ఒడ్డు లైన్ ఎర్త్ మీ హల్‌ని పక్క బోట్ల హల్‌లతో, జెట్టీ ఇనుముతో కలిపేస్తుంది. మీ జింకు ఊరందరికీ కాపలా కాస్తూ కరిగిపోతుంది.

దీనికి చాలామంది కనిపెట్టే ఉపాయం ఎర్త్ వైరు కత్తిరించేయడం. దయచేసి ఆ పని చేయకండి. లోపల ఎక్కడైనా 230 వోల్టులు బాడీకి తగిలితే హల్ మొత్తం ఫేజ్ అవుతుంది. చుట్టూ ఉప్పునీళ్లు, తడి కాళ్లు, ఇక చెప్పేదేముంది. గాల్వానిక్ ఐసోలేటర్ పెట్టండి. అందులో ఎదురెదురుగా తిప్పి కట్టిన డయోడ్లు ఉంటాయి, సుమారు 1.2 వోల్టుల వరకు డీసీని ఆపి, ప్రమాదం వచ్చినప్పుడు ఏసీని మాత్రం పోనిస్తాయి. డబ్బుంటే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా నయం. ఏది పెట్టినా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ కట్ చేసే స్విచ్) తప్పనిసరి. షెడ్డు నుంచి రెండు తీగలతో లాగిన లైన్ మీద కాపురం చేస్తున్నవాళ్లు జింకు సంగతి తర్వాత, ముందు ప్రాణం సంగతి చూసుకోండి.

టెర్మినల్ తీస్తేనే కదిలిందా: బిల్జి ఫ్లోట్ స్విచ్

చుక్కలు చూపించేది ఇదే. బిల్జి అంటే బోటు అడుగున నీళ్లు చేరే చోటు, ఫ్లోట్ స్విచ్ అంటే ఆ నీళ్లు పెరిగితే తేలి పంపుని ఆన్ చేసే స్విచ్.

"మెయిన్ స్విచ్ ఆఫ్‌లోనే ఉంది కద సార్, ఇంక కరెంటు ఎక్కణ్నుంచి వస్తుంది?" అని ప్రతి ఓనరూ అడుగుతాడు. బిల్జి పంపు నుంచి వస్తుంది. మీరు ఊళ్లో లేకపోయినా నీళ్లు చేరితే పంపు దానంతటదే తిరగాలి కాబట్టి దాని ఫ్లోట్ స్విచ్ వైరు మెయిన్ స్విచ్‌కి ముందే, నేరుగా బ్యాటరీ పాజిటివ్ నుంచి లాగుతారు. అలా లాగడం తప్పు కాదు, అలాగే లాగాలి. కానీ ఆ వైరు పగలూ రాత్రీ 12 వోల్టులతో బతికే ఉంటుంది. స్విచ్‌తో కంపెనీ ఇచ్చిన తోక వైరు చాలక ఎవరో కింద, బిల్జి లోపలే అతుకు వేసి నల్ల టేపు చుట్టి ఉంటారు. ఆ అతుకు నీళ్లలో నానుతుంది.

ఒకటి గమనించండి. పాజిటివ్ కరెంటు బిల్జి నీళ్లలోంచి హల్‌లోకి దిగింది. అది బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగి చేరాలి కదా. మీ బోటులో నెగెటివ్ హల్‌కి కలిపి ఉంటే లోపల్లోపలే పోతుంది, అతుకులోని రాగి కరిగిపోతుందే తప్ప హల్ బయటివైపు బతుకుతుంది. అయితే బాగు చేసిన పాత బోట్లలో తరచూ ఉండే వరుస వేరు. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద, షాఫ్టు రబ్బరు బేరింగులో, స్టార్టరు, ఆల్టర్నేటరు వల్ల నెగెటివ్ ఇంజిన్ బ్లాక్‌కి కలిసి ఉంటుంది. బ్లాక్ నుంచి గేర్‌బాక్స్, షాఫ్టు మీదుగా ప్రొపెల్లర్ దాకా అంతా నెగెటివే. హల్ మాత్రం విడిగా. ఇప్పుడు కరెంటుకి ఉన్న దారి ఒకటే: హల్ పెయింటు గీసుకుపోయిన చోట ఇనుము వదిలి సముద్రపు నీళ్లలోకి దూకి ప్రొపెల్లర్‌కి చేరడం. కరెంటు లోహాన్ని వదిలి నీళ్లలోకి దూకిన చోట లోహాన్ని కూడా వెంట పట్టుకుపోతుంది. వెనక భాగంలో గుంటలు, ప్రొపెల్లర్ మీద తెల్ల పొర, రెండిటికీ కారణం ఇదే.

ఎంత పట్టుకుపోతుందో లెక్క కూడా ఉంది. ఒక ఆంపియర్ ఆగకుండా ఏడాది పారితే సుమారు 9 కిలోల ఇనుము కరుగుతుంది. ముందు జింకు బలైపోతుంది, అది అయిపోయాక వంతు హల్‌ది. లీకేజీ ఆంపియరులో పదో వంతే అనుకోండి, రోజుకి రెండున్నర గ్రాములు. తక్కువే అనిపిస్తుంది. కానీ పెయింటు బాగున్న బోటులో అదంతా ఒకటి రెండు గీతల దగ్గరే పోగవుతుంది. అందుకే పెయింటు పాడైన బోటు కంటే కొత్తగా బ్రహ్మాండంగా వేయించిన బోటుకే తొందరగా చిల్లు పడుతుంది. ఓనర్లకి ఇది చెప్తే ఒక పట్టాన నమ్మరు.

ఇక అసలు మాయ ఏమిటంటే, కొలవడానికి మనిషి వస్తున్నాడనగానే మర్యాదకి బిల్జి అంతా తోడించి, తుడిపించి పెడతారు. నీళ్లు లేవు, అతుకు పొడిగా ఉంది, లీకేజీ లేదు, అంకె చక్కగా మైనస్ 850. "అంతా బాగుందండీ" అని చెప్పి ఎలక్ట్రీషియన్ వెళ్లిపోతాడు. ఆ రాత్రి షాఫ్టు బయటికి వెళ్లే చోట ఉండే గ్లాండు నుంచి కారే చుక్కలు, ఎయిర్ కండిషనర్ నీళ్లు చేరి అతుకు మళ్లీ మునుగుతుంది. ఒక టగ్గు విషయంలో ఇద్దరు మంచి పనివాళ్లు ఇలాగే బాగుందని చెప్పి వెళ్లారు, వాళ్ల తప్పేమీ లేదు. ఆ రోజు నిజంగానే బాగుంది. నేను కూడా అదే అంకె చూశాను. తర్వాత మంచి వాన పడ్డ మర్నాడు పొద్దున్నే వెళ్లి కొలిస్తే మైనస్ 560. ఫ్లోర్ పలక లేపి టార్చి కొడితే, కదలని నీళ్లలో అతుకు దగ్గర ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకి వస్తున్నాయి. టేపు విప్పితే లోపల రాగి లేదు, పచ్చటి పొడి. వైరు పైకి జానెడు మేర ఒలిచినా తీగలు నల్లగానే ఉన్నాయి, ఇన్సులేషన్ లోపల్నుంచి నీళ్లు ఎగబాకాయి.

కాబట్టి కొలతకి ముందు బిల్జి తోడకండి. మీరు రోజూ ఎలా ఉంటారో అలాగే ఉంచి కొలవండి. పొడిగా ఉంటే ఒకటి రెండు బకెట్ల ఉప్పునీళ్లు పోసి మరీ కొలవండి.

పరిష్కారం పెద్ద ఖర్చేమీ కాదు. నల్లబడ్డ వైరు మొత్తం తీసేయండి, చివర కత్తిరించి మళ్లీ అతుకు వేస్తే ఆరు నెలల్లో అదే కథ. ఫ్లోట్ స్విచ్ కూడా మార్చండి, కేబుల్ దూరే చోట నీళ్లు తాగి ఉంటుంది. కొత్తదాని తోకని కత్తిరించకుండా ఒకే ముక్కగా ఫ్లోర్ పైదాకా తెచ్చి, అక్కడ డబ్బాలో అతకండి. తగరం పూత ఉన్న రాగి తీగ, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్, బ్యాటరీ దగ్గర ఫ్యూజు. బిల్జిలో నీటిమట్టం కింద ఒక్క అతుకు కూడా ఉండకూడదు. పంపు వైర్లకీ ఇదే మాట.

ఇంజిన్ నెగెటివ్ సంగతి కూడా అప్పుడే తేల్చేయండి. అయితే హల్‌ని ఒకే ఒక్క చోట నెగెటివ్‌కి కలపండి, లేదా రెండు తీగల స్టార్టరు, ఆల్టర్నేటరు వేయించి ఇంజిన్‌ని పూర్తిగా విడదీయండి. దీని మీద వాదనలు చాలా ఉన్నాయి. కాపురం ఉండే బోటుకి నేను మొదటిదే చెప్తాను, ఖర్చు తక్కువ, తర్వాత వచ్చే పనివాడికి కూడా అర్థమవుతుంది. సగం అదీ సగం ఇదీ మాత్రం పనికిరాదు.

రెండూ తీసినా కదలట్లేదా

పక్క బోట్లో వెల్డింగ్ జరుగుతోందేమో చూడండి. చెన్నై చేపల రేవు కాశిమేడులో ఇది రోజూ కనిపించేదే. మెషీన్ ఒడ్డు మీద, రిటర్న్ క్లాంపు జెట్టీ ఇనుముకో ఇంకో బోటుకో తగిలిస్తారు, కరెంటు నీళ్లలోంచి, దారిలో ఉన్న హల్‌లన్నిటినీ తాకుతూ తిరిగొస్తుంది. గంటల్లోనే నష్టం జరిగే వ్యవహారం ఇది. మీ బోటు మీద పనయినా, పక్కవాళ్లదయినా క్లాంపు వెల్డ్ చేసే ప్లేటుకే, చేతికి అందేంత దగ్గరలో పెట్టమని చెప్పండి. "తమ్ముడూ, క్లాంపు ఇటు పెట్టు" అని నవ్వుతూ చెప్తే ఎవరూ కాదనరు.

మురికి హార్బర్ నీళ్లలో నల్ల బురద కింద, కుళ్లిన గుడ్డు వాసనతో గుంటలు పెట్టే బ్యాక్టీరియా ఉంది. నిజమే, కానీ అరుదు. రాగి ఉన్న పెయింటుని ఎపాక్సీ లేకుండా నేరుగా ఇనుము మీద కొట్టినా తింటుంది, పెయింటర్ని ఒక్క మాట అడిగితే తెలిసిపోతుంది. పిడుగులు, భూమిలో కరెంట్లు అంటూ చెప్పేవాళ్లని పట్టించుకోకండి.

ప్లేటు ఎప్పుడు మార్చాలి

లీకేజీ ఆపాకే. గుంటల చుట్టూ అల్ట్రాసోనిక్ గేజుతో మందం కొలిపించండి. అసలు మందంలో పావు వంతు పోయిన చోట కోసి కొత్త ప్లేటు వేయాల్సిందే. పైన ఇంకో ప్లేటు అతికించి కప్పేస్తామంటే ఒప్పుకోకండి, రెండు ప్లేట్ల మధ్య నీళ్లు చేరితే మీకు కనపడదు. బయట వెల్డ్ చేసే ముందు లోపలివైపు ఫోమ్ ఇన్సులేషన్ గోకించి, నీళ్ల బకెట్‌తో ఒక మనిషిని లోపల నిలబెట్టండి. ఆ ఫోమ్ అంటుకుంటే వచ్చే పొగ విషం.

యూరప్ వాళ్ల సలహాలు చదివి, పోటు దిగాక బోటుని ఇసుకలో కూర్చోబెట్టి పని చేసుకుందామని కొందరు ప్లాన్ వేస్తారు. చెన్నైలో పోటుపాట్ల తేడా సుమారు ఒక మీటరే, ఆ ఆశ పెట్టుకోకండి, స్లిప్‌వేనే గతి. అది కూడా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంలో ట్రాలర్లన్నీ మరమ్మతుకి ఎక్కుతాయి, మీ వంతు రాదు. జూలై, ఆగస్టుల్లో అడగండి, అక్టోబరు వానలు మొదలయ్యేలోపు పెయింటు కూడా ఆరుతుంది. బోటు మళ్లీ నీళ్లలోకి దిగిన వారానికి, బిల్జి తోడకుండా, ఇంకోసారి ఆ జింకు ముక్క వేలాడదీయండి.