షుగరూ కిడ్నీ జబ్బూ కలిసి వచ్చిన పిల్లిని ఇంట్లో చూసుకోవడం

పదేళ్లు దాటిన పిల్లికి మధుమేహం ఒక్కటే ఉంటే చేయవలసిన పని కష్టమైనా తికమక ఉండదు. పన్నెండు గంటలకొకసారి ఇన్సులిన్ వేయాలి, పిండిపదార్థం తక్కువగా ఉండే మాంసాహారం పెట్టాలి, అప్పుడప్పుడు చక్కెర పరీక్షించాలి. దానికి దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు తోడైతే మాత్రం ఈ లెక్క చెదిరిపోతుంది, ఎందుకంటే ఒకదానికి పథ్యమైన ఆహారం రెండోదానికి పడకపోవచ్చు, ఒకదాని లక్షణం రెండోదాని లక్షణంలాగే కనిపించవచ్చు. మా ఇంటి మగపిల్లికి పదమూడో ఏట ఈ రెండూ కలిసి వచ్చాయి. అప్పుడు వైద్యులు చెప్పగా విన్నవీ, చేతులారా చేసి నేర్చుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. మోతాదుల నిర్ణయం మాత్రం మీ పిల్లిని చూస్తున్న పశువైద్యులదే.

ముందుగా రెండు జబ్బులూ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉంటాయో తెలియాలి. ఒంట్లోని ఇన్సులిన్‌ను తొలగించే పనిలో మూత్రపిండాలకు పెద్ద వాటా ఉంది. అవి దెబ్బతిన్నప్పుడు వేసిన ఇన్సులిన్ అనుకున్నదానికంటే ఎక్కువసేపు పనిచేయవచ్చు. అదే సమయంలో ఆకలి కూడా మందగిస్తుంది కనుక, నెల కిందట సరిపోయిన మోతాదు ఇప్పుడు ఎక్కువైపోవచ్చు. దీనికి విరుద్ధంగా, మూత్రంలో ఇన్ఫెక్షన్ గానీ, చిగుళ్ల జబ్బు గానీ, క్లోమం వాపు గానీ వస్తే ఎంత ఇన్సులిన్ వేసినా చక్కెర దిగదు. కాబట్టి ఈ పిల్లికి ఒకసారి కుదిరిన మోతాదు ఎప్పటికీ అదే ఉంటుందనుకోకూడదు.

ఆరోగ్యంగా ఉన్న పిల్లి రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 80 నుంచి 120 మిల్లీగ్రాములు ఉంటుంది. రెండు జబ్బులున్న పిల్లిని ఆ అంకె దగ్గర నిలబెట్టాలనే పట్టుదలే ఇళ్లలో జరిగే ప్రమాదాలకు ముఖ్య కారణమని నా అభిప్రాయం. పిల్లుల్లో చక్కెర మూత్రంలోకి పొంగడం సుమారు 270 దగ్గర మొదలవుతుంది. రోజులో ఎక్కువ భాగం దానికి దిగువన ఉండి, అత్యల్పంగా దిగినప్పుడు కూడా 80 కంటే తగ్గకపోతే బాగా నడుస్తున్నట్టే. ఒక రోజు 350 ఉంటే పిల్లికి నీరసం రావచ్చు. ఒక రాత్రి 35కు పడిపోతే తెల్లవారేసరికి పిల్లి మిగలకపోవచ్చు.

చక్కెర కంటే ముందు ప్రతిరోజూ చూడవలసినవి మూడున్నాయి: తిండి, నీళ్లు, బరువు. ఉదయం గిన్నెలో కొలిచి పోసిన నీళ్లలో మర్నాటికి ఎన్ని మిగిలాయో కొలవాలి. రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే అది ఎక్కువే. అయితే రెండు జబ్బులూ దాహం పెంచేవే కనుక, చక్కెర అదుపులో ఉన్నా నీళ్లు తాగడం పూర్తిగా తగ్గదని గుర్తుంచుకోవాలి; నిన్నటికీ ఇవాళ్టికీ తేడానే చూడాలి. బరువుకు పసిపిల్లలను తూచే యంత్రం మంచిది. మనం ఎత్తుకుని నిలబడి తూచి మన బరువు తీసివేసే పద్ధతిలో వంద, రెండు వందల గ్రాముల తేడా దొరకదు. నాలుగు కిలోల పిల్లికి రెండు వందల గ్రాములంటే అరవై కిలోల మనిషికి మూడు కిలోలు తగ్గడంతో సమానం.

చక్కెర పరీక్ష ఇంట్లో చేయడమే మేలు. ఆసుపత్రి బల్లమీద భయంతోనే పిల్లి చక్కెర 300 దాటవచ్చు, ఆ అంకె చూసి మోతాదు పెంచితే ఇంటికొచ్చాక పడిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డను చెవికి అరనిమిషం ఆనిస్తే అంచు వెంబడి సన్నని నరం పైకి తేలుతుంది. దాని పక్కన, వెనకవైపు మడిచిన దూదిని అడ్డం పెట్టి సూదితో గుచ్చితే ఆవగింజంత బొట్టు వస్తుంది, అది చాలు. మనుషుల గ్లూకోమీటర్లు సాధారణంగా పిల్లుల రక్తంలో అసలుకంటే తక్కువ చూపిస్తాయి. అందుకని మీరు ఏ మీటరు వాడుతున్నారో వైద్యులకు చెప్పి, మధ్యలో మీటరు మార్చకుండా ఉండాలి. ఇన్సులిన్ వేసింది మొదలు పన్నెండు గంటలపాటు రెండేసి గంటలకు చూస్తే, చక్కెర ఎంతవరకు, ఎప్పుడు దిగుతోందో తెలుస్తుంది. మనుషులకు అంటించే పద్నాలుగు రోజుల సెన్సర్లను ఇప్పుడు పిల్లులకూ వాడుతున్నారు, కానీ ఒంట్లో నీరు తగ్గిన పిల్లిలో వాటి అంకెలను ఒక బొట్టు రక్తంతో సరిచూసుకోవాలి.

ఇన్సులిన్ సిరంజి విషయంలో మన దేశంలో ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. ఇక్కడ మందుల దుకాణాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలూ, 100 యూనిట్ల సీసాలూ రెండూ దొరుకుతాయి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ రంగు మూత సిరంజి. పిల్లులకు తరచుగా రాసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ 100 యూనిట్లది. దాన్ని ఎర్ర మూత సిరంజితో ఒకటో గీత వరకు లాగితే ఒంట్లోకి వెళ్ళేది ఒక యూనిట్ కాదు, రెండున్నర. ఒకసారి మా వీధి చివరి దుకాణంలో గ్లార్జిన్‌కు ఎర్ర మూతవే కట్టి ఇచ్చారు. ఇంటికొచ్చాక మూత రంగు చూసి వెనక్కి ఇచ్చివచ్చాను. అప్పటినుంచి నారింజ మూత ఒకటి సీసాకే రబ్బరు బ్యాండుతో కట్టి ఉంచుతున్నాను, ఎవరు తీసినా పోల్చుకోవడానికి. సీసాను కుదపకూడదు, ఫ్రిజ్‌లో గడ్డకట్టే అర పక్కన పెట్టకూడదు. ఎండాకాలం కరెంటు గంటలతరబడి పోయే ఊళ్లలో ఐసు పెట్టిన డబ్బాలో, ఐసు తగలకుండా గుడ్డ చుట్టి ఉంచుకోవాలి.

ముందు తిండి, తరువాతే సూది. పిల్లి అసలు తినకపోతే పూర్తి మోతాదు వేయకూడదు. చక్కెర చూసి వైద్యులకు ఫోను చేయాలి. సగం తిన్నప్పుడు ఎంత వేయాలి, చక్కెర ఏ అంకెకు దిగువన ఉంటే మానేయాలి అన్నవి ముందే అడిగి రాయించుకోవాలి. రాత్రి పదకొండింటికి ఊహించి నిర్ణయించే పరిస్థితి రాకూడదు. ఒక పూట సూది తప్పితే సాధారణంగా పెద్ద నష్టం ఉండదు, రెండుసార్లు పడితే ఉంటుంది. నలుగురున్న ఇంట్లో “నువ్వు వేశావా, నేను వేశానా” అన్న అనుమానం తప్పకుండా వస్తుంది కనుక, గోడమీది క్యాలెండరులో వేసినవారు వెంటనే టిక్కు పెట్టాలి. టిక్కు లేకపోయినా అనుమానం మిగిలితే వేయకపోవడమే క్షేమం.

తిండి దగ్గరే రెండు జబ్బులకూ అసలు తగాదా. మధుమేహానికి మాంసకృత్తులు ఎక్కువగా, పిండిపదార్థం తక్కువగా ఉండాలి. మూత్రపిండాలకు భాస్వరం తగ్గాలి, మాంసకృత్తులు మితంగా ఉండాలి. కిడ్నీల కోసం చేసిన ఆహారాల్లో చాలావాటిలో పిండిపదార్థం ఎక్కువ. దీన్ని తేల్చేది జబ్బు దశే. మూత్రపిండాలు వడకట్టవలసిన వ్యర్థమైన క్రియాటినిన్ రక్తంలో డెసిలీటరుకు 1.6 నుంచి 2.8 మిల్లీగ్రాముల మధ్య ఉండే రెండో దశలో, మధుమేహానికి సరిపడే తడి ఆహారాన్నే కొనసాగించి, అందులో భాస్వరాన్ని పట్టి ఉంచే మందు కలపడం ఒక మార్గం. 2.9 నుంచి 5.0 మధ్య ఉండే మూడో దశలోనూ, 5.0 దాటిన నాలుగో దశలోనూ మూత్రపిండాల వైపే మొగ్గి, ఇన్సులిన్‌ను ఆ తిండికి తగ్గట్టు సర్దుకోవలసి రావచ్చు. ఏ దశలోనైనా తినని పథ్యాహారం కంటే తినే మామూలు ఆహారం మేలు. పిల్లి రెండు మూడు రోజులు తినకుండా ఉంటే కాలేయంలో కొవ్వు పేరుకుని మూడో జబ్బు మొదలవుతుంది. అందుకని ఒక్క రోజు పూర్తిగా తినకపోయినా ఆసుపత్రికి వెళ్ళాలి.

మన ఇళ్లలో పిల్లికి అలవాటుగా పెట్టే పాలన్నం, పెరుగన్నం చక్కెరను ఎగదోస్తాయి. ఎండుచేపల్లో ఉప్పూ భాస్వరమూ రెండూ ఎక్కువే. కూరలో ముక్కను కడిగి పెడితే ఫర్వాలేదనుకుంటాం గానీ, ఉల్లి, వెల్లుల్లి సారం ముక్కలోకి దిగి ఉంటుంది, అది పిల్లుల రక్తకణాలను పగలగొడుతుంది. ఉప్పు లేకుండా ఉడికించిన కోడిమాంసం ఒకటి రెండు పూటలు ఆకలి పుట్టించడానికి పనికొస్తుంది, కానీ నెలల తరబడి అదే పెడితే పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకమూ, కాల్షియమూ లోపిస్తాయి.

ఒంట్లో నీరు నిలవని పిల్లికి చర్మం కింద ద్రవం ఎక్కించడం వైద్యులు నేర్పిస్తారు. సాధారణంగా ఇచ్చేది రింగర్ లాక్టేట్. మందుల దుకాణంలో దాని పక్కనే అలాంటి సీసాలోనే డీఎన్ఎస్ ఉంటుంది. అందులో డెక్స్‌ట్రోజ్, అంటే చక్కెర ఉంటుంది. సీసా మీది పేరు పూర్తిగా చదివి గానీ సూది గుచ్చకండి. ద్రవాన్ని గోరువెచ్చగా చేసి భుజాల మధ్య వదులు చర్మం కింద ఎక్కించి, ఇన్సులిన్‌ను మాత్రం దూరంగా, డొక్క పక్కన వేయాలి. ద్రవం నిలిచిన చోట వేస్తే అది ఎప్పుడు ఎంత ఒంటికి పడుతుందో చెప్పలేం. గుండెజబ్బు ఉన్న పిల్లికి ఈ ద్రవాలు ఊపిరి ఆడకుండా చేయవచ్చు కనుక ముందే గుండె చూపించాలి.

మందుల్లో స్టీరాయిడ్లు చక్కెరను బాగా పెంచుతాయి. దురదకో దగ్గుకో వేరేచోట సూది వేయబోతే మధుమేహం సంగతి ముందే చెప్పాలి. జ్వరమని మన పారాసెటమాల్ ముక్క వేస్తే ఒక్క మాత్రతోనే పిల్లి చనిపోగలదు. ఇన్సులిన్ బదులు నోటి ద్వారా ఇచ్చే బెక్సాగ్లిఫ్లోజిన్‌కు 2022లో, వెలాగ్లిఫ్లోజిన్‌కు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. సూది తప్పుతుందని ఆశ పుట్టడం సహజమే. అయితే వీటిని మొదలుపెట్టేముందు మూత్రపిండాలు, కాలేయం, క్లోమం పరీక్షించాలి, పైగా చక్కెర మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లు, అంటే కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు, పేరుకునే ప్రమాదముంది. ఇప్పటికే ఇన్సులిన్ మీద ఉన్న పిల్లికీ, తిండి తగ్గిన కిడ్నీ పిల్లికీ ఇవి తగినవి కావు.

నడక తూలినా, చూపు నిలిచిపోయినా, వణికినా చక్కెర పడిపోయిందని భావించి ముందు తేనెను గానీ గ్లూకోజ్ నీళ్లను గానీ వేలితో చిగుళ్లకు రాయాలి, మింగలేని పిల్లి నోట్లో పోయకూడదు. ఆ తరువాత చక్కెర చూడాలి, కోలుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వాంతులతో నీరసంగా ఉంటే మూత్రంలో కీటోన్ల పట్టీ ముంచి చూడాలి. రంగు మారితే అది ఆ పూటే వెళ్ళవలసిన అత్యవసరం. మెడ ఎత్తలేక వాల్చేస్తుంటే పొటాషియం తగ్గిందేమో పరీక్ష చేయించాలి. వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తుంటే అది మధుమేహం నరాలను తాకిన గుర్తు. హఠాత్తుగా గోడలకు తగులుతుంటే రక్తపోటు కొలిపించాలి.

సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు పిల్లిని అప్పగించే వారికి మాటలతో చెప్పి వదిలేయకండి. ఒకే కాగితం మీద మోతాదు, వేళలు, సిరంజి మూత రంగు, చక్కెర ఎంతకు దిగువన ఉంటే సూది వేయకూడదో ఆ అంకె, వైద్యుల ఫోను నంబరు రాసి, తేనె సీసాతో పాటు ఫ్రిజ్ తలుపుకు అంటించి, బయలుదేరే ముందు రోజు సూది వారి చేతే వేయించి చూడండి.