ఇంట్లో చేసిన జింజర్ బీర్‌ను సీసాల్లో నింపడం ఎలా? ఎండాకాలంలో పేలకుండా చూసుకోవడం ఎలా?

జింజర్ బీర్ అంటే అల్లం, చక్కెర నీళ్లను పులియబెట్టి చేసే గ్యాస్ పానీయం. దాన్ని పులియబెట్టడం పెద్ద పనేం కాదు. టెన్షన్ అంతా సీసాల్లో నింపాకే మొదలవుతుంది. గ్యాస్ పట్టేది సీసాలోనే, అది ఎక్కువైతే పగిలేదీ సీసానే. యూట్యూబ్‌లో విదేశాలవాళ్లు "నింపి మూడు నాలుగు రోజులు బయట పెట్టండి" అంటారు. వాళ్ల గదిలో 20 డిగ్రీలు ఉంటుంది కాబట్టి వాళ్లకు చెల్లుతుంది. మే నెల వరంగల్‌లో 42 డిగ్రీల ఎండకు ఆ లెక్క పట్టుకుంటే వంటింట్లో గాజు ముక్కలు ఏరుకోవాల్సి వస్తుంది.

బార్లీతో అసలు బీరే కాయొచ్చు కదా అని అడుగుతారు. ఇక్కడ కుదరదు. తెలంగాణలో అమల్లో ఉన్న 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా మద్యం తయారు చేయడం నేరం, అది ఇంట్లో తాగడానికే అయినా సరే. ఈ అల్లం పానీయంలోనూ కొద్దిగా ఆల్కహాల్ పుడుతుంది. లీటరులో పది గ్రాముల చక్కెర పులిస్తే అర శాతం దాటుతుంది. వారాల తరబడి బయట వదిలేసి చక్కెర మొత్తం పులిస్తే బీరంత ఘాటవుతుంది. అందుకని త్వరగా ఫ్రిజ్‌లో పెట్టేయాలి. పిల్లలకు, గర్భిణులకు, మద్యం మానేసినవాళ్లకు మాత్రం పోయకండి.

ముందు పులుపు నీళ్లు

పానీయం పులియడానికి తోడులా వేసే నీళ్లివి. గాజు సీసాలో అర లీటరు నీళ్లు పోసి, తొక్కతోనే తురిమిన అల్లం రెండు చెంచాలు, చక్కెర రెండు చెంచాలు కలిపి గుడ్డ కట్టండి. రోజూ చెరొక చెంచా వేసి కలపండి. ఎండాకాలంలో మూడు నాలుగు రోజులకే బుడగలు లేస్తాయి, చలికాలంలో వారం పట్టొచ్చు. మెరిసేలా కడిగిన అల్లం కంటే మట్టి అంటిన అల్లం తెచ్చి, ఇంట్లో కడుక్కుంటే మేలు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి కాచి చల్లార్చినవే వాడండి. బూజు కనిపిస్తే మొత్తం పారబోయండి, పైపైన తీసేస్తే సరిపోదు.

తర్వాత గంజులో నాలుగు లీటర్ల నీళ్లు, 400 గ్రాముల చక్కెర, 150 గ్రాముల దంచిన అల్లం వేసి మరిగించండి. వేలు పెడితే వేడి తెలియనంత చల్లారాక నాలుగు నిమ్మకాయల రసం, వడకట్టిన పులుపు నీళ్లు ఒక గ్లాసు పోసి గుడ్డ కప్పండి. ఎండాకాలంలో ఒక రోజు, చలికాలంలో రెండు మూడు రోజులు ఆగాలి. పైన సన్నటి నురగ కట్టి, తీపి ఇంకా ఉండగానే నింపేయాలి.

ఏ సీసా?

కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసా కంటే మంచిది దొరకదు. అడుగున ఐదు కాళ్లలా గుంటలున్నది చూసుకోండి, ఆ ఆకారం గ్యాస్ ఒత్తిడికి తట్టుకోవడానికే చేశారు. మంచినీళ్ల సీసా పలుచన, అది పనికిరాదు. పచ్చడి జాడీలు, జ్యూస్ సీసాలు, చతురస్రంగా ఉన్న అందమైన గాజు సీసాలు అస్సలు వద్దు, మూలల దగ్గరే పగులుతాయి. గోలీ సోడా సీసా గట్టిదే, కానీ దాన్ని మిషన్‌తో ఒత్తిడి మీద తిప్పి నింపితేనే గోలీ మూతికి పట్టుకుంటుంది. ఇంట్లో ఆ పని జరగదు. 650 మిల్లీ బీరు సీసాలు కడిగి వాడొచ్చు గానీ రేకు మూత బిగించే పరికరం కావాలి. మూతి దగ్గర చిన్న పెచ్చు లేచినా ఆ సీసాను పక్కన పడేయండి.

అన్నీ గాజువే వాడాలని మనసు పడినా, ఒక్కటైనా ప్లాస్టిక్ సీసా తప్పకుండా నింపండి. లోపల ఏం జరుగుతోందో మీకు చెప్పేది అదొక్కటే.

ప్లాస్టిక్ సీసాల్లో మరిగే నీళ్లు పోయకండి, ముడుచుకుపోతాయి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, కాచి చల్లార్చిన నీళ్లతో తొలిచి బోర్లించండి. గాజువైతే చన్నీళ్లలో పెట్టి నీళ్లతో పాటే మెల్లగా వేడెక్కించి, పది నిమిషాలు మరగనివ్వండి.

నింపడం

గంజును కదపకుండా గట్టు మీద పెట్టండి. అడుగున తెల్లటి మడ్డి ఉంటుంది, దాన్ని లేపకూడదు. ఫుడ్ గ్రేడ్ పైపు నిండా కాచి చల్లార్చిన నీళ్లు నింపి, రెండు చివరలూ వేళ్లతో మూసి, ఒక కొస గంజులో ముంచండి, రెండోది కిందికి వదలండి. నోటితో పీల్చకండి. మేస్త్రీలు లెవల్ చూసే పైపు చవకే కానీ తాగే పదార్థానికి వద్దు. మొదట వచ్చే నీళ్లు గిన్నెలోకి వదిలేసి, పైపు కొసను సీసా అడుగుకు ఆనించి నింపితే నురగ పొంగదు. మెడ దగ్గర మూడు నాలుగు సెంటీమీటర్లు ఖాళీ వదిలి మూత బిగించండి.

మళ్లీ చక్కెర కలపొద్దు. బీరు కాచేవాళ్లు చక్కెరంతా పులిసేదాకా ఆగి, సీసాల్లో లీటరుకు ఆరేడు గ్రాములే కొలిచి వేస్తారు. అది అయిపోగానే గ్యాస్ పుట్టడమూ ఆగుతుంది. మనం తీపి ఉండగానే నింపాం కాబట్టి ఇక్కడ గ్యాస్ తనంతట తాను ఆగదు, ఫ్రిజ్‌లో పెడితేనే నెమ్మదిస్తుంది. కల్లు సీసకు మూత బిగించి ఎండలో తెచ్చినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

నొక్కి చూడండి

సీసాలన్నీ ఒకే చోట, నీడలో, అట్టపెట్టెలో పెట్టి మూసేయండి. ప్లాస్టిక్ సీసాను పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వేళ్లతో నొక్కండి. మొదట లోపలికి పోతుంది. తర్వాత బిగుసుకుంటుంది. కొత్త కూల్‌డ్రింక్ సీసాలా గట్టిగా, వేలు దిగకుండా అయిన క్షణమే అన్నింటినీ ఫ్రిజ్‌లోకి మార్చండి. ఎండాకాలంలో ఇది పన్నెండు గంటల్లోనే రావచ్చు, డిసెంబర్‌లో రెండు మూడు రోజులు. గడియారాన్ని కాదు, సీసానే నమ్మండి. అడుగు ఉబ్బి సీసా సరిగా నిలబడకపోతే ఆలస్యమైనట్టే. దాన్ని ముట్టుకునే ముందు ముఖం పక్కకు పెట్టి, తడిగుడ్డ కప్పి, మూతను కొద్దికొద్దిగా వదులు చేయండి. గాజు సీసాలను అయితే మూత తీయకుండా ముందు చల్లబరచాలి.

మేడారం పోయొద్దామనుకుంటే ఆ వారం ఈ పని పెట్టుకోకండి. చల్లదనంలో పులియడం దాదాపు నిలిచిపోతుందే తప్ప పూర్తిగా ఆగదు. కరెంటు ఎక్కువసేపు పోతే మళ్లీ ఊపందుకుంటుంది. కరెంటు వచ్చాక ఒకసారి నొక్కి చూడండి, అవసరమైతే గ్యాస్ వదలండి.

తెరిచే ముందు కనీసం ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉండాలి. వెచ్చటి ద్రవంలో గ్యాస్ నిలవదు, మూత తీయగానే సగం పొంగి నేలపాలవుతుంది. సింకులో పెట్టి మెల్లగా తిప్పండి, కదపకుండా వంచి పోసుకోండి, చివరి రెండు వేళ్ల మడ్డి సీసాలోనే వదిలేయండి. వారంలోపు తాగేస్తే రుచి, తర్వాత తీపి తగ్గి పులుపెక్కుతుంది.