భూ నిర్వహణ, భూ హక్కుల పీజీ: థీసిస్ దెబ్బతినకుండా

కోర్సు పేరు చూసి చేరకండి, సిలబస్ చూడండి. సర్వే, చట్టం, రిజిస్ట్రేషన్, భూమి విలువ కట్టడం, కంప్యూటర్లో మ్యాపులు తయారుచేసి విశ్లేషించే జీఐఎస్‌లలో దేనికి ఎక్కువ క్రెడిట్లున్నాయో కోర్సు అసలు స్వభావం అదే. మ్యాపులకే పెద్దపీట వేస్తే హక్కుల చట్టం మీరే విడిగా చదువుకోవాలి.

చేరేలోపు భూ రికార్డుల సమాచారానికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 19152 నమూనాతో పరిచయం పెంచుకోండి. భూమిని అది వ్యక్తులు, హక్కులు, భూభాగం అనే కోణాల్లో చూస్తుంది. హక్కులతోపాటే ఆంక్షలు, బాధ్యతలూ వస్తాయి. ఒక్క చేను తీసుకుని కాగితం మీద రాసి చూడండి: పట్టా ఒకరిది, సాగు కౌలుదారుది, గట్టు మీద దారి పక్కవారిది, కోత అయ్యాక మేపుకునేది పశువుల కాపరులు. రికార్డులో కనిపించేది మాత్రం మొదటి పేరే. మంచి థీసిస్ ప్రశ్న సాధారణంగా ఈ తేడాలోనే దొరుకుతుంది.

చాలా థీసిస్‌లు ఫీల్డ్‌వర్క్‌లోనే దెబ్బతింటాయి. ఇంటి పెద్దనొక్కడినే అడిగితే భార్యకున్న వాటా, కౌలు ఒప్పందం బయటపడవు. ఆడవాళ్లతో, కౌలుదారులతో విడిగా మాట్లాడండి. సరిహద్దు వివాదం నడుస్తున్నచోట పేర్లు, సర్వే నంబర్లు థీసిస్‌లో బయటపెట్టకండి. మీ మ్యాపే రేపు ఒక పక్షానికి సాక్ష్యం కావచ్చు.

జీపీఎస్ కొలతలు ప్రపంచమంతటికీ వర్తించే డబ్ల్యూజీఎస్ 84 అనే కోఆర్డినేట్ వ్యవస్థలో, పాత సర్వే పటం ఆ ప్రాంతపు కొలతలకు ఆధారమైన స్థానిక డేటమ్‌లో ఉంటే హద్దులు వందల మీటర్లు కూడా జరగొచ్చు. రెండింటినీ ఒకే వ్యవస్థలోకి మార్చాకే విస్తీర్ణం లెక్కించండి.