మొక్కు తీరే దాకా: పదేళ్ల పిల్లలకు భక్తి సాహస నవల రాయడం ఎలా

పిల్లల భక్తి సాహస కథలు చాలావరకు ఒకే చోట కూలబడతాయి. పిల్లవాడు అడవిలో తప్పిపోతాడు. ఎలుగుబంటి ఎదురొస్తుంది. చేతులు జోడించి కళ్లు మూసుకుంటాడు, తెరిచేసరికి ఎలుగుబంటి ఉండదు. ఆ పేజీ తర్వాత ఐదో తరగతి పిల్ల ఇక భయపడదు. ఏ ఆపదొచ్చినా దేవుడు చూసుకుంటాడని తెలిసిపోయింది కదా, మిగిలిన పేజీలు ఎందుకు తిప్పుతుంది?

భక్తీ ఉండాలి, భయమూ ఉండాలి. రెండూ ఒకే కథలో నిలబడడానికి పాలమూరు, నల్లగొండ ఊళ్లలో ప్రతి ఇంటికీ తెలిసిన పనిముట్టు ఒకటుంది. అది మొక్కు.

మొక్కంటే దేవుడికి పడ్డ బాకీ. కథకు కావలసినవన్నీ అందులోనే ఉంటాయి: ఎవరు మొక్కారు, ఏం కోరారు, ఏం ఇస్తామన్నారు, ఎప్పటిలోగా. రాయడం మొదలుపెట్టే ముందు ఈ నాలుగింటికీ ఒక్కో వాక్యం రాసుకోండి. వాటిలో ఒక్కటి మాత్రం తప్పనిసరిగా పాటించండి. కోరింది కథ మొదలయ్యేసరికే తీరిపోయి ఉండాలి. జ్వరం తగ్గింది, బోరులో నీళ్లు పడ్డాయి, తప్పిపోయిన ఎద్దు ఇల్లు చేరింది. అంటే దేవుడు తన వంతు మొదటి పేజీకి ముందే చేసేశాడు. ఇక మిగిలింది మనిషి వంతు. అప్పుడు మధ్యలో మహిమలు దించాల్సిన అవసరం మీకుండదు, భక్తి ఎక్కడా తగ్గదు.

ఒక నమూనా చూద్దాం. అచ్చంపేట దగ్గరి ఊరు, ఆరో తరగతి చదివే స్వాతి. తమ్ముడికి జ్వరం ముదిరితే అవ్వ నల్లమల అడవి లోయలో వెలసిన శివుడు, సలేశ్వరం లింగమయ్యకు మొక్కింది: వాడు లేచి తిరిగితే నడిపించుకొచ్చి గుండంలో స్నానం చేయిస్తానని. తమ్ముడు లేచాడు. జాతర నాలుగు రోజులుందనగా అవ్వ వాకిట్లో జారిపడి కాలు విరిగింది. అమ్మానాన్నలు పనికి పుణె పోయారు. పిల్లల కథలో పెద్దవాళ్లను పక్కకు తప్పించడం పెద్ద తలనొప్పి. పాలమూరు వలస ఆ పని చేసిపెడుతుంది, పైగా అది నిజం. అయితే పదకొండేళ్ల పిల్లను ఒంటరిగా నల్లమలకు పంపకండి, చదివే తల్లి నమ్మదు. తమ్ముడితో పాటు ఊరివాళ్ల గుంపులో పంపించి, జనం ఒత్తిడిలో ఇద్దరినీ విడదీయండి.

గడువు మూడు అంచెల్లో పెట్టండి. పెద్ద గడువు చైత్ర పౌర్ణమి. సలేశ్వరం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉంది కాబట్టి జాతరకు కొద్ది రోజులే దారి తెరుస్తారు. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. మధ్య గడువు మన్ననూరు చెక్‌పోస్టు. రాత్రి తొమ్మిదికి గేటు పడితే శ్రీశైలం రోడ్డు మీద బండ్లు కదలవు, పొద్దున ఆరుకే తెరుస్తారు. చిన్న గడువు చేతిలో ఉండేది: టార్చిలో తగ్గిపోతున్న వెలుగు, సీసాలో రెండు గుక్కల నీళ్లు. ప్రతి అధ్యాయంలో చిన్న గడువు ఒకటి నడవాలి. పెద్దదాన్ని ఐదారు అధ్యాయాలకోసారి గుర్తుచేస్తే చాలు. సెల్‌ఫోన్ సంగతి రచయితలు మరిచిపోతుంటారు. అడవి లోపలికి పోయాక సిగ్నల్ ఉండదు. ఆ మాట ముందే ఎవరితోనైనా అనిపించండి. అవసరం వచ్చినప్పుడు చెబితే సాకులాగుంటుంది.

చోటు గురించి రాసేముందు ఆ దారిలో ఒక్కసారైనా నడవండి. ఫోటోలు చూసి రాస్తే జాతర బొమ్మలాగా ఉంటుంది తప్ప కథకు పనిచేయదు. సలేశ్వరం లోయలోకి దిగేవాళ్లు 'వత్తున్నం లింగమయ్యా' అంటారు, ఎక్కేవాళ్లు 'పోతున్నం లింగమయ్యా' అంటారు. ఇరుకు దారిలో రెండు వరసలూ ఒరుసుకుంటూ పోతాయి. వర్ణనలో వాడితే ఇది రంగు మాత్రమే. కథలో వాడితే దారి చూపే దీపం. చీకటి పడ్డాక స్వాతి ఒక గుంపు వెనక నడుస్తుంటుంది. చుట్టూ 'పోతున్నం' అని వినబడుతుంది. గుండె జల్లుమంటుంది, తాను పైకి ఎక్కుతోంది, తమ్ముడు కిందే ఉండిపోయాడు. చోటు నుంచి ఇలాంటి వివరం ఒక్కటి దొరికితే ఒక అధ్యాయం నడుస్తుంది. అలాంటివి ఆరేడు దొరికేదాకా రాయడం మొదలుపెట్టకండి.

గడువును తనలోనే పెట్టుకున్న చోట్లు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. కొల్లాపూర్ వైపు సోమశిల ఒడ్డున నిలబడితే ఆవలి ఒడ్డున సంగమేశ్వరం. శ్రీశైలం జలాశయంలో నీళ్లు తగ్గినప్పుడే ఆ గుడి బయటపడుతుంది, వరదొస్తే మళ్లీ మునుగుతుంది. కురుమూర్తి జాతరలో స్వామి పాదరక్షలైన ఉద్దాలు వడ్డెమాన్ ఊళ్లో తయారై ఊరేగింపుగా గుట్టకు చేరతాయి. ఆ ఉద్దాలు కుట్టే ఇంటి పిల్లవాణ్ణే నాయకుణ్ణి చేయండి. దేవుడి చెప్పులు సమయానికి చేరాలన్న బరువు వాడి భుజం మీద ఉంటుంది, కులం గురించి ఒక్క ఉపన్యాసం లేకుండానే ఆ ఇంటి గౌరవం పాఠకుడికి అందుతుంది.

ఈ అచ్చు ఒక్క గుడికే సరిపోయేది కాదు. జాన్‌పహాడ్ దర్గాలో హిందువులూ ముస్లిములూ కందూరు (మేకను కోసి పెట్టే విందు) చేస్తారు, అదీ మొక్కే. తెలుగు బైబిల్లో మ్రొక్కుబడి అన్న మాట ఉంది, చర్చికి వెళ్లే ఇంటి పిల్ల కథకు అది చాలు. ఏ మతమైనా మీరు లోపలి నుంచి ఎరిగినదాన్నే తీసుకోండి. పక్కింటివాళ్ల మొక్కు గురించి రాయాలనిపిస్తే, ఆ ఇంట్లో ఒకరికి చదివి వినిపించకుండా అచ్చుకివ్వకండి.

ఇప్పుడు అసలు కష్టమైన పని, ప్రార్థన రాయడం. మొదటి చిత్తుప్రతుల్లో ఇలా కనబడుతుంది:

'స్వాతి కళ్లు మూసుకుని లింగమయ్యను ప్రార్థించింది. ఆమె మనసు ధైర్యంతో నిండిపోయింది. దేవుడు తనతోనే ఉన్నాడని తెలుసుకుని ముందుకు నడిచింది.'

ఇందులో ఏమీ జరగలేదు. ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లకు కనబడదు. దీన్నే తిరగరాస్తే:

'సద్దిమూటలో ఒక్క జొన్నరొట్టె మిగిలింది. తమ్ముడి కోసం దాచింది. రాయి మీద కూర్చున్న ముసలాయన చేతులు వణుకుతున్నాయి. లింగమయ్యా, నేనేం జెయ్యాలె, అని స్వాతి లోపల్లోపలే అడిగింది. జవాబు రాలేదు. చెట్టు మీద కోతి కొమ్మ మారింది. స్వాతి రొట్టెను రెండు చేసింది. పెద్ద ముక్క ఏదో చూసింది. కాసేపాగి, అదే ఆయన చేతిలో పెట్టింది.

నమిలి మింగాక ఆయన అన్నాడు: "ఎవలి కోసం దేవులాడుతున్నవ్ బిడ్డా? కింద చెలిమె కాడ ఒక పోరడు ఏడ్సుకుంట కూసున్నడు."'

చెలిమె అంటే ఇసుకలో తవ్విన నీటిగుంట అని వివరించక్కర్లేదు, తర్వాతి వాక్యంలో తమ్ముడు దోసిలితో తాగితే అర్థమవుతుంది. ఇక్కడ వరస ముఖ్యం. రొట్టె ముందు, కబురు తర్వాత. కబురు ముందొస్తే రొట్టె దాని ఖరీదైపోతుంది. ఆ ముసలాయన ఎవరో చెప్పకండి. నమ్మే పిల్లకు ఆయన లింగమయ్య, పక్కన చదివే పిల్లకు ముసలాయనే, ఇద్దరికీ కథ నిలుస్తుంది. నవల మొత్తం మీద ఇలాంటి ప్రార్థనలు మూడు చాలు: ఒకటి భయంతో, ఒకటి కోపంతో, ఒకటి మాటల్లేకుండా. కోపంతో చేసేదాన్ని కొట్టేయమని పెద్దవాళ్లు చెబుతారు, కొట్టేయకండి. నల్లమల ఆదివాసులైన చెంచులు శ్రీశైలం మల్లన్నను అల్లుడిగా చూసుకుంటారు, అంత దగ్గరివాణ్ణి అలిగి నిలదీయడమూ భక్తే.

చెంచుల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. స్వాతికి దారి చూపి మాయమైపోయే 'అడవి మనిషి'గా వాళ్లను రాయకండి. సలేశ్వరంలో పూజ చేసేది వాళ్లే, వచ్చినవాళ్లంతా వాళ్ల ఇంటికొచ్చిన చుట్టాలు. పెంటలో (చెంచుల గూడెంలో) ఉండే పిల్లకు ఒక పేరు, ఒక బడి, ఒక పంతం ఇవ్వండి. స్వాతి తప్పు చేస్తే ఆ పిల్ల తిట్టాలి.

వింతల విషయంలో తడబాటు సహజం. నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో ఒక గర్భగుడిలో లింగం వెనక స్తంభం లాంటి నీడ పొద్దంతా కదలకుండా నిలుస్తుంది. గుడి ముందు స్తంభాల సందుల్లోంచి వెలుతురు చెదిరి వచ్చే తీరు వల్ల అలా పడుతుంది. కథలో పిల్లవాడు అగ్గిపెట్టెలూ టార్చీ పెట్టుకుని దాన్ని ఇంట్లో చేసి చూడొచ్చు. చేసి చూశాక 'ఇంతేనా' అనిపించకండి. వందల ఏళ్ల కింద ఒక శిల్పి వెలుతురును దేవుడి కొలువులో పెట్టాడని వాడికి తట్టాలి. తెలుసుకోవడం వల్ల భక్తి పెరిగిన పిల్లవాణ్ణి చూపించడం ఈ తరహా కథ చేయగల మంచి పనుల్లో ఒకటి.

ప్రతినాయకుడిగా మంత్రగాణ్ణో, వేరే మతంవాణ్ణో పెట్టకండి. మొదటిది అరిగిపోయింది, రెండోది పిల్లల తరగతి గదిలోకి విషం తెస్తుంది. పాత గుళ్లలో గుప్తనిధుల కోసం నందుల కింద తవ్వే ముఠాలు ఉండనే ఉన్నాయి. వాళ్లకు గడ్డపారలుంటాయి, జీపు ఉంటుంది, రాత్రిపూట పని. పిల్లలకు నిధి దొరికితే ఇంటికి పట్టుకుపోనివ్వకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైనది భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాలి. కలెక్టరాఫీసు మెట్ల మీద ఇద్దరు పిల్లలు గోనెసంచితో కూర్చున్న అధ్యాయం ఎంత బాగుంటుందో ఆలోచించండి.

భాష సంగతి. కథనం పాఠ్యపుస్తకపు వ్యావహారికంలో, సంభాషణ ఊరి మాటలో పెట్టండి. ప్రతి పదాన్నీ పలికినట్టు రాస్తే పిల్లలు కూడబలుక్కుని చదవాల్సి వస్తుంది. క్రియల చివర్లు, పిలుపులు మాత్రం పట్టుకోండి: పోతున్నం, జెయ్యాలె, నాయినా, అవ్వా, బిడ్డా. పట్నం పిల్లకు అర్థం కాని మాటలు పేజీకి రెండు మించొద్దు. వాక్యం పది పదాలు దాటితే విరవండి.

కొలతలు చెప్పాలంటే, పద్దెనిమిది అధ్యాయాలు, ఒక్కోటి ఏడెనిమిది వందల పదాలు, మొత్తం పదమూడు, పధ్నాలుగు వేలు. అచ్చులో అక్షరం పెద్దదిగా, వరసల మధ్య జాగా ఎక్కువగా ఉంచమనండి, ఒత్తులు కింది వరసకు తగిలితే పిల్లలు విసుక్కుంటారు.

తాతలూ పూజారులూ నీతి చెప్పే చోట్లను వెతికి పట్టుకోవడానికి ఒక మార్గం ఉంది. చిత్తుప్రతిలో పెద్దవాళ్లు మూడు వాక్యాలకు మించి ఆపకుండా మాట్లాడిన ప్రతి చోటా గీత గీయండి. అక్కడ పెద్దాయన చేతికి పని ఇవ్వండి, తాడు పేనుతూనో, చిలుముకు నిప్పు పెడుతూనో ఒక్క వాక్యం అననివ్వండి. మిగతావన్నీ కొట్టేయండి.

చివరి ప్రతిని ఏదైనా సర్కారు బడిలో ఐదు, ఆరు తరగతుల పిల్లలు నలుగురైదుగురికి మీరే చదివి వినిపించండి, రోజుకు రెండు అధ్యాయాలు. బాగుందా అని అడగకండి, పిల్లలు మర్యాదకు అవునంటారు. ప్రతి ఒక్కరూ ఎక్కడ కిటికీ వైపు చూశారో పేజీ పక్కన గుర్తు పెట్టుకోండి. ఆపేశాక 'ఇప్పుడేమైతది?' అని అడగండి. అందరూ ఒకే జవాబు చెబితే ఆ మలుపు మార్చాలి. 'లింగమయ్య వచ్చి కాపాడ్తడు' అని ఒక్కరన్నా, మొక్కు రాసుకున్న ఆ నాలుగు వాక్యాల కాగితం మళ్లీ బయటికి తీయాలి.