తుపానుల నెలలకు ముందు వాయిస్ గేట్‌వే ఈ1 లైన్లకు జాగ్రత్తలు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటింది కనుక, శ్రీకాకుళం జిల్లాలో గేట్‌వేలు (నెట్‌వర్క్ ఫోన్ కాల్స్‌ను ఈ1 అనే డిజిటల్ లైను మీదుగా టెలిఫోన్ ఎక్స్ఛేంజికి కలిపే పరికరాలు) చూసుకునేవారు సెప్టెంబరులోనే ఇవి పరిశీలించాలి.

క్లాక్‌ను, అంటే రెండు చివరలూ ఒకే వేగంతో నడిచేలా చేసే టైమింగ్ సిగ్నల్‌ను, ఎక్స్ఛేంజి లైను నుంచే తీసుకోవాలి. గేట్‌వే సొంత క్లాక్‌తో నడిస్తే, లైను పైకి బాగున్నట్టే కనిపిస్తూ స్లిప్‌లు (వేగం తేడాతో డేటా ముక్కలు పోవడం లేదా రెండుసార్లు రావడం) పేరుకుపోయి, ఫ్యాక్సులు చెడిపోతాయి, మాటల మధ్య టిక్కుమనే శబ్దాలు వస్తాయి. కేబుల్‌ను అనుమానించే ముందు దీన్నే చూడాలని నా గట్టి అభిప్రాయం.

రీస్టార్ట్‌కు ముందే ఎర్రర్ల లెక్కలు రాసుకోవాలి. 15 నిమిషాలకొకటిగా సాధారణంగా 24 గంటలవే ఉంటాయి, రీస్టార్ట్‌తో అవీ పోతాయి.

ఎరుపు అలారమైతే మనకు సరైన సిగ్నల్ అందడం లేదు. పసుపైతే మనది అవతలికి అందడం లేదు, కనుక మనం పంపే జత తీగలను చూడాలి.

పిడుగుల దృష్ట్యా ఎర్తింగ్ బిగువుగా ఉండాలి.